అయ్యవారి మిద్దె: చిత్తూరు దగ్గర ఒక పాత బడిపంతులు ఇంటి సందర్శనపై సమీక్ష

చిత్తూరు నుంచి కాణిపాకం వైపు వెళ్లే దారికి కొంచెం లోపలగా ఉన్న ఒక పాత పల్లెలో, వీధి తిన్నె మీద బడి నడిపిన ఒక ఉపాధ్యాయుడి ఇల్లు ఇప్పటికీ గట్టిగా నిలిచి ఉంది. ఊరివాళ్లు దాన్ని అయ్యవారి మిద్దె అంటారు. ఆయన వంశంవారు అందులోనే కాపురముంటూ, ముందుగా కబురు చేసి వచ్చినవారికి ఇల్లంతా తిప్పి చూపిస్తున్నారు. పిల్లలను వెంటబెట్టుకుని వెళితే పాత పద్ధతిలో ఒక పాఠం కూడా చెబుతున్నారు. మన ప్రాంతంలో కోటలు, కోవెలలు చూపించేవారు ఎందరో ఉన్నారు గానీ, ఒక సాధారణ బడిపంతులు ఎక్కడ కూర్చుని చదువు చెప్పాడో, ఆ చదువు కోసం తన ఇంటిని ఎలా కట్టుకున్నాడో చూపించే చోటు నేను చూసినంతలో ఇదొక్కటే. ఉపాధ్యాయ వృత్తిలో ఉన్నవారికీ, ఆ వృత్తిలోకి రాబోయేవారికీ ఈ ఇల్లు చూడమని మనస్ఫూర్తిగా చెబుతాను. కొన్ని లోపాలున్నాయి, వాటినీ చెబుతాను.

కుటుంబం ఇంకా అక్కడే ఉంటోంది కాబట్టి ఊరి పేరూ, వారి ఇంటి పేరూ ఇక్కడ రాయడం లేదు. చిత్తూరులో పదవీ విరమణ చేసిన పాతతరం ఉపాధ్యాయులను అడిగితే దారి చెబుతారు. వారి ద్వారా మాట వెళితే ఇంటివారికీ నమ్మకంగా ఉంటుంది. ప్రవేశ రుసుమంటూ ఏమీ లేదు. పడసాలలో ఒక చెక్కపెట్టె ఉంచారు, మరమ్మతుల కోసం ఎవరికి తోచింది వారు అందులో వేస్తారు. ఇల్లు చూపించేది ఆ అయ్యవారి మునిమనవరాలు; ఆమె కూడా ప్రభుత్వ పాఠశాలలో చాలాకాలం చదువు చెప్పి విశ్రాంతి తీసుకున్న మనిషి. అందువల్ల ఆమె మాటల్లో పూర్వీకుల గొప్పలు చెప్పుకోవడం కంటే, ఒక ఉపాధ్యాయురాలు మరో ఉపాధ్యాయుడి పనిని పరిశీలించే తీరు ఎక్కువగా కనిపిస్తుంది. నాకు ఈ సందర్శనలో అన్నిటికంటే విలువైనదిగా తోచింది ఆ చూపే.

ఈ ఇంటి ప్రాణమంతా వీధి తిన్నెలో ఉంది. సింహద్వారానికి రెండు వైపులా మోకాలెత్తుకు కాస్త పైన రెండు తిన్నెలు ఉంటాయి. కుడివైపుది ఒక మనిషి కాళ్లు చాపుకుని హాయిగా పడుకునేంత వెడల్పు. ఎడమవైపుది దానికంటే ఇరుకు. కుడి తిన్నెకు గోడ పక్కన వాలుగా కట్టిన సున్నపు తలదిండు ఉంది. అయ్యవారు దానికి చేరగిలబడి కూర్చుంటే వీధీ, రెండు తిన్నెలూ, లోపలి పడసాలా ఒకేసారి కంటబడతాయి. ఎడమ తిన్నె మీద గోడ పొడవునా రెండంగుళాల లోతున ఒక పల్లం వదిలారు. కొత్తగా బడిలో వేసిన పిల్లల కోసం దాంట్లో ఇసుక పోసేవారట. ఆ పల్లానికి నీళ్లు పోవడానికి ఒక మూల సన్నటి తూము కూడా ఉందంటే, ఇది తర్వాత ఎవరో తోచి చేసిన మార్పు కాదనీ, తిన్నె కట్టేటప్పుడే బడిని మనసులో పెట్టుకుని కట్టారనీ అర్థమవుతుంది.

తిన్నె అంచుకు వేసిన నల్లరాతి పలకను దగ్గరగా చూడాలి. పైనుంచి చూస్తే మామూలు రాయిలాగే ఉంటుంది గానీ, అంచు వెంబడి వేలు జరిపితే వరసగా సన్నటి గాట్లు తగులుతాయి. కొన్ని అంగుళం పొడవు, కొన్ని అంతకంటే తక్కువ. పిల్లలు కూర్చునే చోట దట్టంగానూ, అయ్యవారి తలదిండుకు దగ్గరైన కొద్దీ పలచగానూ ఉన్నాయి. బలపాలకు మొన తీసుకోవడానికి పిల్లలు అక్కడ అరగదీసినప్పుడు పడిన గాట్లవి. నల్లరాయి అంత మెత్తనిదేమీ కాదు. బలపం కంటే రాయి ఎన్నో రెట్లు గట్టిది. అటువంటి రాతి మీద గాటు పడాలంటే ఎన్ని చేతులు, ఎన్నేళ్లు అదే చోట పనిచేసి ఉండాలో ఆలోచించాలి. ఇంటావిడ ఈ అంచును చూపించేటప్పుడు ఏమీ వివరించకుండా ముందు మన చేతినే అక్కడ పెట్టిస్తారు. అది మంచి పద్ధతి.

తిన్నె మీది చదువు ఎలా సాగేదో ఆమె చెప్పే వివరాలు రాతపూర్వకమైన ఆధారాలతో బాగా సరిపోతాయి. మద్రాసు గవర్నరుగా ఉన్న థామస్ మన్రో 1822లో కలెక్టర్లందరికీ ఉత్తరువు ఇచ్చి, జిల్లాల్లో ఎన్ని బడులున్నాయో, ఎందరు చదువుతున్నారో లెక్క పంపమన్నాడు. తిరుపతి వాళ్లకు మన్రో అంటే ఆయన పేరుతో తిరుమల స్వామివారికి నైవేద్యం పెట్టే గంగాళమే ముందు గుర్తుకొస్తుంది. మన చదువుల చరిత్రకు మాత్రం ఆయన మిగిల్చినది ఈ లెక్క. 1826 నాటికి తేలినదాని ప్రకారం అప్పటి మద్రాసు రాష్ట్రంలో 1,28,50,941 జనాభాకు 12,498 బడులు, వాటిలో 1,88,650 మంది విద్యార్థులు ఉన్నారు; అంటే సుమారు వెయ్యి మందికి ఒక బడి. ఆ బడుల్లో ఎక్కువభాగం సర్కారు కట్టించినవి కావు, ఇలాంటి తిన్నెలే. మన పొరుగునున్న బళ్లారి నుంచి 1823లో అక్కడి కలెక్టరు క్యాంబెల్ పంపిన నివేదికలో తిన్నెబడి దినచర్య కళ్లకు కట్టినట్టు ఉంటుంది. పొద్దుపొడుపుతోనే బడి మొదలయ్యేది. అందరికంటే ముందు వచ్చిన పిల్లవాడి అరచేతిలో గౌరవంగా సరస్వతి పేరు రాసేవారు. రెండోవాడి చేతిలో సున్న చుట్టేవారు, మెచ్చుకోలూ లేదు, తిట్టూ లేదన్న గుర్తుగా. మూడోవాడికి ఒక చిన్న దెబ్బ, నాలుగోవాడికి రెండు, అలా పెరుగుతూ పోయేవి. ఈ ఇల్లు తూర్పు ముఖంగా ఉండడానికి వాస్తు ఒక కారణమైతే కావచ్చు; పొద్దుటి వెలుగు నేరుగా తిన్నె మీద పడి, ఎండ ముదిరే సరికి చూరు నీడ తిన్నెను కమ్ముకునేలా కట్టడం మాత్రం బడి వేళలను ఎరిగిన మనిషి చేసిన పని.

చదువు ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దడంతో మొదలై, తర్వాత మసీ ఆకుపసరూ పూసి నల్లగా చేసిన చెక్కపలక మీదికీ, చివరికి తాటాకు మీద గంటంతో రాయడానికీ చేరేది. మధ్యలో ఎక్కాలు, పద్దులు, ఉత్తరాలు రాయడం, శతకాలు కంఠస్థం చేయడం ఉండేవి. ఒక అయ్యవారు ఇన్ని మెట్లలో ఉన్న పిల్లలకు ఒకేసారి ఎలా చెప్పేవాడన్న ప్రశ్నకు జవాబు ఈ రెండు తిన్నెల అమరికలోనే ఉంది. పెద్దపిల్లలు కుడి తిన్నె మీద అయ్యవారి దగ్గర పాఠం నేర్చుకుని, ద్వారం దాటి ఎడమ తిన్నె మీదికి వెళ్లి చిన్నవాళ్లచేత దిద్దించేవారు. చదువు ఒక తిన్నె నుంచి మరో తిన్నెకు నడిచి వెళ్లేదన్నమాట. ఈ పద్ధతికి ఎంత దూరం ప్రయాణం జరిగిందో మన ఉపాధ్యాయుల్లో చాలామందికి తెలియదు. ఆండ్రూ బెల్ అనే క్రైస్తవ మతాధికారి మద్రాసు ఎగ్మూరులో సైనికుల అనాథ పిల్లల ఆశ్రమాన్ని 1789 నుంచి చూసేవాడు. ఇక్కడి వీధిబడి పిల్లలు ఇసుకలో రాసుకోవడం చూసి తన ఆశ్రమంలో ప్రవేశపెట్టాడు, పెద్దపిల్లలచేత చిన్నపిల్లలకు చెప్పించడాన్ని ఒక పద్ధతిగా తీర్చి 1797లో లండన్‌లో అచ్చు వేయించాడు. ఇంగ్లండులో అది మద్రాసు పద్ధతిగా పేరుపడి అక్కడి బడుల్లోకి వెళ్లింది. కాబట్టి ఈ పల్లె తిన్నెను చూస్తున్నప్పుడు మనం వెనకబడిన దేనినో చూస్తున్నామన్న భావన పెట్టుకోనక్కర్లేదు.

అయితే పాత చదువును గురించి చెప్పేవారు దాని కాఠిన్యాన్ని దాచడం నాకు ఇష్టముండదు. ఇక్కడ దాచలేదు. పడసాలలోకి అడుగుపెట్టగానే తలపైన దూలానికి ఒక ఇనుప కొంకి కనిపిస్తుంది. ఉయ్యాల కోసమేమో అనుకుంటాం. కోదండం వేయడానికని ఇంటావిడ చెబుతారు. తప్పు చేసిన పిల్లవాడిని తాడు పట్టుకుని వేలాడమని, కాళ్లు కిందికి ఆననివ్వకుండా ఉంచే శిక్ష అది. ఆ రోజుల్లో తెలుగునాట వీధిబడుల్లో మామూలు సంగతి. "ఈ కొంకి తీసేయమని మా ఇంట్లోనే కొందరన్నారు సార్, నేనే వద్దన్నాను, అది కూడా మా ముత్తాత చేసిందే కదా" అన్నారామె. ఒక ఇంటిని చూపించేవారికి ఉండవలసిన నిజాయితీ అది. పిల్లలు ఈ చోట అడిగే ప్రశ్నలకు ఆమె తప్పించుకోకుండా, తొందరపడకుండా జవాబు చెబుతారు.

ఇక కట్టడం సంగతి. ఇది తొట్టి కట్టు ఇల్లు. పడసాల దాటగానే మధ్యలో ఆకాశం కనిపించే తొట్టి, దాని చుట్టూ నాలుగు పక్కలా వసారా, వసారాను మోసే రాతి స్తంభాలు, వాటి వెనక గదులు. గోడలు మూరెడున్నర మందాన బండరాళ్లతో, మట్టి అడుసుతో లేపి, పైన గానుగ సున్నం పూశారు. గానుగ సున్నమంటే ఎద్దులు తిప్పే రాతి చక్రం కింద ఇసుకా సున్నమూ కలిపి నూరినది. దానిలో కరక్కాయలు ఊరబెట్టిన నీళ్లూ, బెల్లపు నీళ్లూ పోసేవారు. చిత్తూరు బెల్లానికి పేరు పడిన సీమ కాబట్టి ఇక్కడి మేస్త్రీలు బెల్లానికి వెనకాడి ఉండరు. అలా నూరిన సున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుంటూ ఏళ్ల తరబడి గట్టిపడుతూ వస్తుంది. తొట్టి వైపు గోడల మీద అరచేయి ఆనిస్తే మండువేసవి మధ్యాహ్నంలో కూడా చల్లగా తగులుతుంది. గచ్చు నేల సంగతి చెప్పనే అక్కర్లేదు.

పైకప్పులు రెండు రకాలుగా ఉండడం ఈ ఇంటి ప్రత్యేకత. వీధివైపు పడసాలకు మద్రాసు మిద్దె వేశారు: టేకు దూలాల మీద చిన్న ఇటుకలను నిలువుగా, ఏటవాలు వరసల్లో సున్నంతో పేర్చి, దాని మీద ఇటుకముక్కలూ సున్నమూ కలిపిన పొర పోసి, చెక్క బాదులతో రోజుల తరబడి కొట్టి దిమ్మిస పట్టించేవారు. లోపలి గదులకు మాత్రం రాయలసీమ మట్టి మిద్దె. దూలాలు, వాటి మీద దంతెలు, దంతెల మీద కంపా బోదా పరిచి, చెదలు రాకుండా కానుగాకు వేసి, మట్టి తొక్కి, అన్నిటికంటే పైన చౌడు మట్టి పరుస్తారు. చౌడు మట్టి తడవగానే ఉబ్బి సందులన్నిటినీ పూడ్చేస్తుంది, నీళ్లు కిందికి దిగనివ్వదు. పంటకు పనికిరాని ఆ మట్టి ఇంటికి ఇంత కాపు అవుతుందని కనిపెట్టినవారి తెలివికి దండం పెట్టాలి. డబ్బు ఎక్కువ ఖర్చయ్యే మద్రాసు మిద్దెను తాను పడుకునే గదికి కాకుండా, వానాకాలంలో పిల్లలు కూర్చునే పడసాలకు వేయించుకున్నాడంటే ఆ అయ్యవారి మనసు ఎక్కడుందో కప్పే చెబుతోంది. ఈ సున్నపు పని ఉన్నతమైన రూపంలో ఎలా ఉంటుందో చూడాలంటే, తిరుపతి వెళ్లే దారిలో చంద్రగిరి రాజమహల్ దగ్గర ఆగవచ్చు. మూడంతస్తుల ఆ మహలును కలప వాడకుండా రాయి, ఇటుక, సున్నంతోనే లేపారు. రాజుల చేతిలో ఉన్న విద్య ఒక బడిపంతులు ఇంటికి ఏ మేరకు దిగివచ్చిందో రెండూ ఒకేరోజు చూసినవారికి బాగా తెలుస్తుంది.

వెలుగు గురించి కొంచెం చెప్పాలి. పడసాల కప్పులో రెండు గవాక్షులు ఉన్నాయి. వాటి కింద సరిగ్గా ఎక్కడ వెలుగు పడుతుందో అక్కడే గోడకు పలకలు, తాటాకు కట్టలు పెట్టుకునే గూళ్లు వరసగా కట్టారు. పిల్లవాడి చేతికి అందే ఎత్తులో చిన్నగూళ్లు, అయ్యవారికి మాత్రమే అందే ఎత్తులో పెద్దగూళ్లు. దీపపు గూడు వీటికి దూరంగా, ఎదుటి గోడలో ఉంది. తాటాకుల దగ్గర నిప్పు పెట్టకూడదన్న జాగ్రత్త. పెద్దగూళ్లలో ఇప్పుడు నాలుగైదు తాటాకు కట్టలు, రెండు గంటాలు, ఒక ఇత్తడి మసిబుడ్డి ఉంచారు.

అయ్యవారి గదిలో ఒక పాత పద్దుపుస్తకం ఉంది. దాన్ని ముట్టుకోనివ్వరు, పుటలు మాత్రం తిప్పి చూపిస్తారు. ఒక వరసలో పిల్లవాడి పేరు, ఎదురుగా వాళ్లింటి నుంచి వచ్చినది: రాగులు, వడ్లు, చింతపండు, ఎప్పుడైనా ఒకటి రెండు అణాలు. దసరాకు పిల్లలను వెంటబెట్టుకుని ఇంటింటికీ వెళ్లి పాడించినప్పుడు వచ్చిన రాబడికి వేరే పుట. పిల్లలకు పప్పుబెల్లాలు పంచి, అయ్యవారికి ఏడాదికోసారి చేతిలో నాలుగు డబ్బులు ఆడించే పండుగ అదే కదా. చాలా పేర్ల ఎదుట ఏమీ రాసి లేదు. ఆ పిల్లల పేర్లు మాత్రం తర్వాతి నెలల పుటల్లోనూ ఉన్నాయి. ఇవ్వలేనివారిని బడి మాన్పించలేదని ఆ ఖాళీలు చెబుతున్నాయి.

అదే పుస్తకంలో మరో ఖాళీ ఉంది, అది ఇంకా పెద్దది. ఆడపిల్లల పేర్లు ఒక్కటీ లేవు. ఊరి చివర పేటల్లోని పిల్లల పేర్లూ లేవు. క్యాంబెల్ నివేదికలో కూడా బళ్లారి జిల్లాలోని 533 బడుల్లో చదివే 6,641 మందిలో ఆడపిల్లలు అరవైమందే. తిన్నె వీధిలోకి తెరిచి ఉన్నంత మాత్రాన ఊరందరికీ తెరిచి ఉన్నట్టు కాదు. ఎవరు ఎక్కవచ్చో, ఎవరు కింద నిలబడాలో కులం నిర్ణయించిన కాలం అది. పాత చదువు అందరికీ అందిందని చెప్పేవారు ఈ పద్దుపుస్తకం ముందు కాసేపు కూర్చోవాలని నా అభిప్రాయం. ఇంటావిడ ఇక్కడ ఒక సంగతి చెప్పారు. పడసాల పక్కగది కిటికీ తిన్నెకు ఆనుకుని చాలా కిందికి ఉంటుంది. ఆ గదిలో కూర్చుని చింతపండు ఒలుచుకుంటూ ఇంటి ఆడవాళ్లు పాఠాలు వినేవారట. వాళ్ల నాయనమ్మకు అలాగే శతకాలన్నీ నోటికి వచ్చాయి గానీ, రాయడం మాత్రం రాలేదు. విన్నది అబ్బుతుంది, ఇసుకలో వేలు పెట్టనివ్వకపోతే రాత అబ్బదు. ఒక ఇంటి గోడ ఎంత చదువును లోపలికి రానిచ్చిందో, ఎంతను ఆపిందో ఈ కిటికీ దగ్గర స్పష్టంగా కనిపిస్తుంది.

ఇంటికి ఉత్తరాన పెరటి వైపు ఒక పొడవాటి పెంకుల కొట్టం ఉంది. చాలామంది దాన్ని చూడకుండానే వెళ్లిపోతారట. అది పొరపాటు, ఎందుకంటే ఈ ఇల్లు చెప్పే కథలో సగం ఆ కొట్టంలోనే ఉంది. 1854 నాటి విద్యా ఉత్తరువు తర్వాత సర్కారు గ్రాంట్లు ఇవ్వడం మొదలుపెట్టింది. మద్రాసు రాష్ట్రంలో పరీక్షల్లో వచ్చిన ఫలితాన్ని బట్టి గ్రాంటు ఇచ్చే పద్ధతి కూడా నడిచింది. గ్రాంటు కావాలంటే హాజరుపట్టీ ఉండాలి, తరగతులు విడదీయాలి, తనిఖీ అధికారి వచ్చి చూడాలి. ఆ అవసరానికి లేచినది ఈ కొట్టం. మంగళూరు పెంకులు, తలకంటే ఎత్తున కిటికీలు, ఒక చివర గోడకే నల్లరంగు పూసి చేసిన బోర్డు, దాని ముందు అయ్యవారికి ఒక అరుగు. తిన్నె మీద పిల్లలు ఒకరికొకరు ఎదురుగా, వీధిని చూస్తూ కూర్చునేవారు. ఇక్కడ అందరి ముఖాలూ ఒకే గోడ వైపు. అక్కడ ప్రతి పిల్లవాడూ తన మెట్టు దగ్గర తాను ఉండేవాడు. ఇక్కడ అందరూ ఒకే పాఠంలో ఉండాలి. కిటికీలోంచి వీధి కనిపించదు, ఆకాశమే కనిపిస్తుంది. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడి, 1920లో మద్రాసు ప్రాథమిక విద్యా చట్టం వచ్చాక, బడి మెల్లగా ఈ కొట్టాన్ని కూడా వదిలి ఊరి నడుమ సొంత కట్టడంలోకి వెళ్లిపోయింది.

తిన్నె నుంచి కొట్టానికి పాతిక అడుగుల దూరం. ఆ పాతిక అడుగుల్లో తెలుగు పిల్లల చదువు మారిన తీరంతా ఉంది. పోయినదీ ఉంది, వచ్చినదీ ఉంది. కొట్టంలో దొరికిన హాజరుపట్టీల్లో పద్దుపుస్తకంలో లేని పేర్లు కనిపిస్తాయి: ఆడపిల్లలవి, తిన్నె ఎక్కనివ్వని ఇళ్లవి. పిల్లవాడి వేగాన్ని బట్టి నడిచే చదువు తిన్నెది, అందరినీ లోపలికి పిలిచే చదువు కొట్టానిది. మనకు రెండూ కావాలి. ఈ రెండు కట్టడాలను ఒకే ఆవరణలో పక్కపక్కన చూసే అవకాశం వల్లే ఈ ఇంటికి ఇంత ప్రాముఖ్యం ఇస్తున్నాను. సర్వేపల్లి రాధాకృష్ణన్ 1896 నుంచి 1900 వరకు తిరుపతిలో లూథరన్ మిషన్ బడిలో చదివారని మనం గర్వంగా చెప్పుకుంటాం. అదే కాలంలో ఈ సీమలో వేలాదిమంది పిల్లలు ఏ రకమైన చోట కూర్చుని అక్షరాలు దిద్దుకున్నారో చూపించే సాక్ష్యం మాత్రం ఇలాంటి ఇళ్లలోనే మిగిలింది.

లోపాల విషయానికి వస్తే, మొదటిది, అన్నిటికంటే ముఖ్యమైనది వీధి గోడకు జరిగిన మరమ్మతు. 2021 నవంబరులో తిరుపతి, చిత్తూరు ప్రాంతాలను ముంచెత్తిన వానలకు గోడ అడుగుభాగంలో సున్నం ఊడిపోతే, తొందరలో సిమెంటు పూయించారు. రాతి గోడ నేలలోని చెమ్మను పీల్చుకుంటుంది, సున్నపు పూత దాన్ని బయటికి ఆవిరి కానిస్తుంది. సిమెంటు ఆ దారి మూసేస్తుంది. చెమ్మ పైకెక్కి, సిమెంటు ఆగిన చోటికి పైన ఉప్పు పొంగి, ఇప్పుడు బాగున్న పాత సున్నం కూడా పొరలు పొరలుగా రాలుతోంది. ఇసుక పల్లం ఉన్న ఎడమ తిన్నె పక్కనే ఈ నష్టం జరుగుతుండడం బాధ కలిగించింది. సిమెంటును చెక్కించి, గోడను ఒక వేసవి ఆరనిచ్చి, మళ్లీ గానుగ సున్నం పూయించడం ఒక్కటే మార్గం. ఇంటివారికి ఈ సంగతి తెలుసు. సున్నం పని తెలిసిన మేస్త్రీ దొరకడమే కష్టంగా ఉందన్నారు. దేవాలయాల జీర్ణోద్ధరణ పనులు చేసినవారిని అడిగితే దొరకవచ్చు.

రెండోది, వస్తువుల దగ్గర పేర్లు గానీ, వివరాలు గానీ రాసి పెట్టలేదు. ఇంటావిడ వెంట ఉన్నంతసేపూ లోటు తెలియదు; పెద్ద గుంపు వచ్చినప్పుడు వెనక నిలబడినవారికి ఏదీ అందదు. నాలుగు మాటలు తెలుగులో పెద్ద అక్షరాలతో రాసి పెడితే చాలు. పద్దుపుస్తకాన్ని చేత్తో తిప్పడం కూడా మానాలి. పుటలన్నిటినీ ఒకసారి ఫొటోలు తీయించి, ఆ ఫొటోలనే చూపిస్తే అసలుది మరికొన్ని తరాలు నిలుస్తుంది. మోకాళ్ల నొప్పులున్నవారు మిద్దె పైకి వెళ్లే మెట్లు ఎక్కకపోవడం మంచిది. అవి నిటారుగా ఉన్నాయి, పట్టుకోవడానికి కమ్మీ లేదు. మరుగుదొడ్డి ఇంటివారిదే వాడుకోవాలి, కాబట్టి పెద్ద సంఖ్యలో పిల్లలను తీసుకెళ్లే బడులు ముందే మాట్లాడుకోవాలి.

పిల్లల కోసం చేసే పాఠం గురించి ఎంత చెప్పినా తక్కువే. ఎడమ తిన్నె పల్లంలో జల్లించిన ఇసుక పోసి, పిల్లలను వరసగా కూర్చోబెట్టి, ముందు ఇంటావిడ తన చేతిని పిల్లవాడి చేతి మీద ఉంచి ఒక అక్షరం దిద్దిస్తారు. తర్వాత ఆ పిల్లవాడే పక్కవాడిచేత దిద్దించాలి. తప్పు పోతే అరచేత్తో ఇసుక చదును చేసి మళ్లీ రాయడమే. కొట్టివేత గుర్తు మిగలదు. ఎర్రసిరా గీతలకు అలవాటు పడిన పిల్లలు మొదట బెరుకుగా మొదలుపెట్టి, కాసేపటికి ఒకరినొకరు తోసుకుంటూ రాయడం కళ్లారా చూశాను. ఒత్తులు, గుణింతాలు వేలితో పెద్దగా రాసేటప్పుడు అక్షరం ఎటు నుంచి మొదలై ఎటు తిరగాలో చెయ్యికి తెలిసిపోతుంది. చేతిరాత పాడైపోతోందని బాధపడే తల్లిదండ్రులు ఈ ఒక్క పాఠం కోసమైనా పిల్లలను తీసుకెళ్లవచ్చు. పాఠం అయ్యాక మజ్జిగ ఇస్తారు. వద్దనకండి, కొత్తిమీర వేసి చేసిన ఆ మజ్జిగ చాలా బాగుంటుంది.

కార్వేటినగరంలోని జిల్లా ఉపాధ్యాయ శిక్షణ సంస్థ (డైట్)లో శిక్షణ పొందుతున్నవారికి, తిరుపతిలో బీఎడ్ చదువుతున్నవారికి ఈ సందర్శన పాఠ్యప్రణాళికలో భాగం కావాలని కోరుకుంటున్నాను. ఒకే గదిలో ఐదు తరగతులకు చెప్పవలసి వచ్చే ఏకోపాధ్యాయ పాఠశాలలు మన పల్లెల్లో ఇంకా ఉన్నాయి. వాటిలోకి వెళ్లబోయే యువ ఉపాధ్యాయులకు రెండు తిన్నెల అమరిక పాత ముచ్చట కాదు, రేపు పొద్దున పనికొచ్చే విషయం. గుంపుగా వెళితే పదిహేను మందికి మించకుండా వెళ్లాలి, పొద్దున్నే ఏడు గంటల లోపు అక్కడికి చేరుకోవాలి. తిన్నె మీద వెలుగు బాగా ఉండేది అప్పుడే, ఇంటావిడకు తీరిక దొరికేదీ అప్పుడే. ఈశాన్య రుతుపవనాల నెలల్లో మట్టి మిద్దె గదులు మూసి ఉంచుతారు కాబట్టి, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వెళ్లేవారు ఇల్లు మొత్తం చూడలేరు; జనవరి, ఫిబ్రవరి నెలలు అన్నిటికీ అనువైనవి. వెళ్లినవారు ఆ చెక్కపెట్టెలో వేసే డబ్బు వీధి గోడ సున్నం పనికే ఖర్చు పెడతామని ఇంటివారు మాట ఇచ్చారు.